ఎర్రదీపము వెలిగినప్పుడు
పాత బండ్లలో ఆయిల్ సెన్సారును గుర్తించుట, మార్చుట

అనంతపురము పీఠభూమి వానలకు దూరమైన భూమి. నైరుతి ఋతుపవనము పడమటి కనుమల మీదనే తన బరువును దించుకొని ఇచ్చటికి దాదాపు వట్టిచేతులతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును తడిపి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ సీమలో వేరుసెనగ చేతికి రాని యేడు కొన్ని కుటుంబములను నిలువబెట్టునది ఒక పాత బండి. సంతకు మనుషులను చేర్చు జీపు కావచ్చును, చీనీకాయలను అంగడికి మోయు చిన్న లారీ కావచ్చును, బాడుగకు తిరుగు ట్రాక్టరు కావచ్చును. అట్టి బండి ఇంజను ఒకసారి బిగుసుకొనిపోయినచో, దానిని తిరిగి నడిపించుటకు అగు ఖర్చు ఒక పంట పోయిన నష్టమునకు తీసిపోదు. ఆ నష్టమును ముందుగా తెలుపవలసిన చిన్న వస్తువును గురించి ఈ వ్యాసములో వివరింపదలచినాము.

కొంతకాలము క్రిందట మేము కళ్యాణదుర్గము నుండి రాయదుర్గము పోవు మార్గమున ఒక పాత డీజిల్ జీపులో ప్రయాణించుచుంటిమి. సాయంకాలము ఒక గ్రామములో సభ యుండెను. సగము దారిలో మీటరు పలకపై నూనెడబ్బా గుర్తుగల ఎర్రదీపము ఒక్కసారి మినుకుమని ఆరి, మరల వెలిగి నిలిచినది. డ్రైవరు మారుమాట లేక బండిని ప్రక్కకు దించి తాళము త్రిప్పివేసినాడు. "ఏమప్పా, ఊరు కనబడుతోంది గదా, మెల్లగా పోరాదా?" అని మేము విసుగుకొంటిమి. "దీపం పడినాక తోలేదానికి లేదు సార్. అడుగేస్తే ఇంజను పోతాది" అని అతడు సమాధానము చెప్పినాడు. సభకు ఆలస్యమగునని మాకు కోపము వచ్చిన మాట నిజము. అతని మాట ఎంత సరియైనదో ఆ దినమున చెట్టునీడలో కూర్చుండి నేర్చుకొంటిమి.

ఇంజను లోపల నూనె చేయు పని యేమో ముందు తెలిసికొనవలెను. ఇంజను అడుగున చాంబరు అనబడు తొట్టిలో నూనె నిలువయుండును. అచ్చటి నుండి జల్లెడ ద్వారా ఒక పంపు దానిని పీల్చి, ఫిల్టరు గుండా ఇంజను దిమ్మెలోని ప్రధాన కాలువలోనికి త్రోయును. ఆ కాలువ నుండి క్రాంకు బేరింగులకు, కనెక్టింగ్ రాడ్ బేరింగులకు, క్యాము కడ్డీకి, పైన రాకర్లకు నూనె చేరును. నిమిషమునకు రెండు మూడు వేల చుట్లు తిరుగు క్రాంకు నిజమునకు బేరింగు లోహమును తాకదు. రెంటి నడుమ వెంట్రుక కంటె పలుచనైన నూనెపొర యుండును, ఆ పొరమీదనే అది తేలుచుండును. పంపు త్రోయు ఒత్తిడి తగ్గినప్పుడు ఆ పొర తెగును, లోహము లోహమును రాచుకొనును. బేరింగు కరగి క్రాంకునకు అంటుకొనుటకు అటుపైన ఎంతోసేపు పట్టదు.

ఈ ఒత్తిడిని కనిపెట్టుటకే ప్రధాన కాలువకు ఒక రంధ్రము పెట్టి దానిలో ఒక సెన్సారును బిగింతురు. పాత బండ్లలో ఇది మూడు విధములుగా కనబడును.

మొదటిది స్విచ్చి. మన పల్లెలలో ఇంకను తిరుగుచున్న పాత కార్లలోను, జీపులలోను ఎక్కువగా ఉన్నది ఇదియే. బొటనవ్రేలి పరిమాణముగల ఇనుప దిమ్మె, పైన ప్లాస్టిక్ మూత, దానినుండి బయటకు వచ్చిన ఒకే ఒక రేకుముక్క, ఆ రేకునకు తగిలించిన ఒక వైరు. లోపల ఒక పలుచని పొర, దానిని నొక్కిపట్టిన స్ప్రింగు ఉండును. ఇంజను ఆగియున్నప్పుడు స్ప్రింగు బలము వలన లోపలి కొనలు కలిసియుండి, దీపమునకు వచ్చు విద్యుత్తు ఇంజను దిమ్మె ద్వారా ఎర్తునకు పోవును. కనుక తాళము త్రిప్పగానే దీపము వెలుగును. ఇంజను తిరిగి నూనె ఒత్తిడి స్ప్రింగును జయించినప్పుడు కొనలు విడిపోయి దీపము ఆరిపోవును. సాధారణముగా చదరపు సెంటీమీటరునకు మూడవ వంతు మొదలు అర కిలోగ్రాము వరకు గల ఒత్తిడికే ఇది ఆరును.

రెండవది, మీటరునకు కొలత పంపు సెండింగు యూనిటు. ఇది స్విచ్చి కంటె పెద్దది, చిన్న గంటవలెనో డబ్బావలెనో ఉండును. దీనిలోపల పొర కదలికకు తగినట్లు ఒక పుల్ల నిరోధక తీగచుట్టపై జరుగును. నిరోధము మారుటను బట్టి మీటరులోని ముల్లు కదలును. మూడవది అన్నిటికంటె పాతది. దీనిలో విద్యుత్తు ప్రసక్తియే లేదు. ఇంజను నుండి సన్నని గొట్టము ద్వారా నూనెయే మీటరు వరకు వచ్చి, వంపుతిరిగిన రేకుగొట్టమును నిటారుగా చేయజూచును. ఆ కదలికయే ముల్లును త్రిప్పును. ఈ వంపుగొట్టపు ఉపాయమునకు ఫ్రాన్సు దేశీయుడైన యూజీన్ బూర్డోన్ 1849లో హక్కుపత్రము పొందెను. నేటికిని మెకానిక్కులు ఒత్తిడి కొలుచుటకు వాడు గేజీ ఎక్కువగా ఈ జాతిదే.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. ఆ ఎర్రదీపము నూనె తక్కువైనదని తెలుపుటకే యున్నదని చాలమంది తలచుచున్నారు. పాత బండ్లలో అది నూనె పరిమాణమును కొలువదు, ఒత్తిడిని మాత్రమే కనిపెట్టును. చాంబరులో నూనె తగ్గుచు తగ్గుచు, మలుపులలో పంపు గాలిని పీల్చు స్థితి వచ్చినప్పుడే దీపము వెలుగును. అప్పటికి కార్యము మించిపోయి యుండవచ్చును. అంతియే గాక, అర కిలో ఒత్తిడికే ఆరు దీపము వేగముగా పరుగెత్తు ఇంజనునకు ఆ ఒత్తిడి చాలునని చెప్పినట్లు కాదు. వేడెక్కిన ఇంజను మెల్లగా తిరుగునప్పుడు ముక్కాలు కిలో, పరుగులో రెండు మొదలు నాలుగు కిలోల వరకు ఉండుట అనేక పాత ఇంజనులకు సహజము. కనుక దీపమును ఆలస్యముగా వచ్చు సాక్షిగా నెంచవలెను గాని, కావలివానిగా నెంచరాదు. కావలివాడు డిప్‌స్టిక్కు. దానిని ప్రతి ఉదయము, బండి సమతలమున నిలిపియుండగా, ఇంజను తిప్పుటకు ముందే తీసి తుడిచి మరల ముంచి చూడవలెను. నూనె గుర్తుకు పైగా పెరిగి డీజిలు వాసన కొట్టినచో డీజిలు దానిలో కలియుచున్నదని, పాలు కలిసిన కాఫీ రంగునకు మారినచో నీరు చేరుచున్నదని గ్రహింపవలెను.

సెన్సారు ఎక్కడ యుండునన్న ప్రశ్నకు అన్ని బండ్లకు వర్తించు సమాధానము లేదు. నూనె ఫిల్టరును ముందు వెదకుడు. అది బిగించిన దిమ్మెమీదనో, దానికి జానెడు దూరములోనో, ఇంజను ప్రక్కగోడపై స్విచ్చి కనబడుట ఎక్కువ. కొన్నిటిలో సిలిండరు హెడ్డు కొనయందుండును. ఆంబాసిడరు 2014 వరకును, మారుతి 800 కూడ 2014 వరకును తయారైనవి గనుక వాటి విడిభాగములు నేటికిని పట్టణములలో దొరకుచున్నవి. వాటిని ఎరిగిన మెకానిక్కు స్విచ్చి చోటును కన్నులు మూసికొని చూపగలడు. క్రొత్తవాడు మాత్రము ఒక పొరపాటు చేయును. రేడియేటరు పైగొట్టము ఇంజనును చేరుచోట, థర్మోస్టాటు గూటికి, దాదాపు ఇటువంటిదే మరియొక సెన్సారుండును. అది నీటివేడిని కొలుచునది. నూనె స్విచ్చి అనుకొని దానిని వేడి ఇంజనుపై విప్పినచో మరుగునీరు ముఖముపై చిమ్మును. వైరు ఎక్కడికి పోవుచున్నదో, ఆ వస్తువు నీటిగొట్టపు దారిలోనున్నదా నూనె దారిలోనున్నదా అని నిదానించి చూచుట యొక్కటే దీనికి మార్గము.

ఇక పరీక్ష. దీపము వెలిగినదనగానే సెన్సారు చెడినదని తలచి క్రొత్తది కొనుట మన యూళ్లలో తరచుగా కనబడు తప్పు. దాని కంటె ప్రమాదకరమైన తప్పు, సెన్సారే చెడినదిలే యని తలచి బండిని నడుపుకొనిపోవుట. నడచుచుండగా దీపము వెలిగినచో మొదట ఇంజను ఆపవలెను. కొన్ని నిమిషములు ఆగి డిప్‌స్టిక్కు చూడవలెను. నూనె తక్కువైనచో పోయవలెను, క్రింద కారినదేమో వంగి చూడవలెను. నూనె నిండుగానున్నచో, ఇంజను ఆపియుంచియే తాళమును ఒక్క మెట్టు త్రిప్పి, స్విచ్చి వైరును ఊడదీయవలెను. దీపము ఆరిపోవలెను. ఆరకున్నచో లోపము స్విచ్చిలో లేదు. వైరు ఎచ్చటనో తొడుగు రాలి ఇనుమును తాకుచున్నది. తరువాత ఊడదీసిన వైరు కొనను ఇంజను ఇనుమునకు తాకింపవలెను. అప్పుడు దీపము వెలుగవలెను. వెలుగనిచో బల్బు మాడినదో, వైరు తెగినదో యని తెలియును.

ఈ రెండు పరీక్షలు వైరును, బల్బును గురించి చెప్పును గాని నూనె ఒత్తిడిని గురించి చెప్పవు. దానికి స్విచ్చిని విప్పి, ఆ రంధ్రములోనే బూర్డోన్ గేజీని బిగించి, ఇంజనును కొద్దిసేపు తిప్పి చూడవలెను. గేజీ మంచి ఒత్తిడిని చూపుచుండగా దీపము వెలుగుచుండెనన్న స్విచ్చి చెడినదన్న మాట. గేజీ ముల్లు కూడ లేవనిచో స్విచ్చి నిజమే చెప్పినది, తక్షణమే ఇంజను ఆపి, జల్లెడ మూసికొనిపోయినదో, పంపు అరిగినదో, ఒత్తిడి వాల్వు తెరచుకొని నిలిచినదో, బేరింగులు వదులైనవో మెకానిక్కుచేత చూపింపవలెను. వేడెక్కినప్పుడు మాత్రమే, అదియు ఇంజను మెల్లగా తిరుగునప్పుడు మాత్రమే దీపము మినుకుచున్నచో నూనె పాతబడి పలుచనైనదని గాని బేరింగులు అరుగుచున్నవని గాని అనుమానింపవచ్చును. మన వేసవిలో గాలివేడియే 40 డిగ్రీలు దాటుచుండును గనుక ఈ రోగము మార్చి మొదలు మే నెల వరకు ఎక్కువగా బయటపడును.

మార్చుట పెద్ద పని కాదు. ఇంజను చల్లారిన తరువాత బ్యాటరీ ఎర్తు వైరును విప్పవలెను. స్విచ్చి చుట్టునున్న దుమ్మును గుడ్డతోను బ్రష్షుతోను పూర్తిగా తుడువవలెను. ఈ సంగతిని తేలికగా తీసికొనరాదు. వేదవతి నది ఇసుక గాలికి లేచి దిబ్బలుగా పేరుకొను బొమ్మనహాలు, కణేకల్లు ప్రాంతములలో తిరుగు బండ్ల ఇంజను ప్రక్కలు ఎట్లుండునో చూచినవారికి తెలియును. స్విచ్చి తీసిన రంధ్రములోనికి చిటికెడు ఇసుక జారినను అది నేరుగా బేరింగులను చేరు దారిలో పడినట్లే. తరువాత క్రింద ఒక గుడ్డ పరచి, తగిన గొట్టపు పానాతో స్విచ్చిని విప్పవలెను. పట్టకారుతో ప్లాస్టిక్ మూతను పట్టి త్రిప్పినచో మూత చేతికి వచ్చి దిమ్మె అక్కడనే మిగులును. కొద్దిగా నూనె కారుట సహజము.

క్రొత్తదానిని కొనునప్పుడు పాతదానిని చేతపట్టుకొని పోవలెను. చూపునకు ఒక్కటిగా కనబడు స్విచ్చిల త్రెడ్డులు ఒక్కటి కావు. పాత ఆంగ్ల నమూనా బండ్లకు అంగుళములో ఎనిమిదవ వంతు కొలతగల, చివరకు సన్నబడు త్రెడ్డు ఉండును. తరువాతి బండ్లలో కొన్నిటికి 10 మిల్లీమీటర్ల తిన్నని త్రెడ్డు, దానిక్రింద రాగి వాషరు ఉండును. ఒకదానిలో మరియొకటి రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకొనును. బలవంతముగా త్రిప్పినచో దిమ్మె త్రెడ్డు చెడును, పది నిమిషముల పని పది దినముల పని యగును. కనుక మొదటి చుట్లు చేతితోనే ఎక్కించి, తరువాత పానాతో మితముగా బిగింపవలెను. టెఫ్లాను టేపును చుట్టలుగా చుట్టు అలవాటు కూడ మంచిది కాదు. ఒంటి వైరు స్విచ్చికి ఎర్తు దొరకునది ఆ త్రెడ్డు ద్వారానే. టేపు ఎక్కువైనచో ఆ దారి మూసికొనిపోయి, దీపము ఎన్నటికి వెలుగకుండుటయు గలదు. టేపు తునకలు కాలువలోనికి పోవు భయము వేరు.

మీటరుగల బండ్లలో మరియొక జాగ్రత్త వలయును. సెండింగు యూనిటు మీటరునకు జోడుగా ఉండవలెను. ఒక జాతివి ఒత్తిడి లేనప్పుడు 10 ఓముల నిరోధము చూపి ఒత్తిడితో 180 వరకు పెరుగును. మరియొక జాతివి 240తో మొదలై 33కు తగ్గును. ఒకదాని మీటరునకు మరియొక దాని యూనిటును తగిలించినచో, ఇంజను ఆగియున్నప్పుడు నిండు ఒత్తిడిని, తిరుగునప్పుడు సున్నను చూపు వింత కనబడును. మీటరు చెడినదని దానిని కూడ కొని రెండింతలు ఖర్చుపెట్టినవారు లేకపోలేదు.

ట్రాక్టరుల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. వేరుసెనగ నూర్పు యంత్రమును తగిలించి ట్రాక్టరును కళ్లములో గంటలకొలది నిలిపి నడుపుదురు. అందరును యంత్రము వద్దనే యుందురు, డ్రైవరు సీటులో ఎవ్వరును ఉండరు. యంత్రపు రొదలో ఇంజను శబ్దము మారుట వినబడదు, లేచిన పొట్టుదుమ్ములో దీపము కనబడదు. కళ్లము ఏటవాలైనచో నూనె చాంబరులో ఒక ప్రక్కకు చేరి జల్లెడ తేలిపోవు అవకాశము కూడ గలదు. కనుక ట్రాక్టరును సమతలమున నిలుపవలెను, అరగంటకొకసారి ఒకరు పోయి దీపమును, మీటరును చూచిరావలెను. ట్రాక్టరు పోషణలో శిక్షణ పొందదలచువారికి గార్లదిన్నె వద్ద కేంద్ర ప్రభుత్వమువారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ గలదు. మన జిల్లా రైతుబిడ్డలకు ఇది ఇంటి ముంగిటి సదుపాయము.

2019 నుండి పెనుకొండ సమీపమున కియా కర్మాగారములో నూతన కార్లు తయారగుచున్నవి. 2022లో జిల్లా విభజన జరిగిన పిమ్మట ఆ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. నేటి కార్లలో నూనె ఒత్తిడి మొదలు ఇంజను స్థితిగతులనేకము కంప్యూటరునకు చేరుచుండును. అదే పీఠభూమిలో, అదే దారిలో, ఒక వైరు ఒక బల్బు తప్ప వేరు నోరులేని పాత జీపులు ఎదురు వచ్చుచున్నవి. ఆ ఒక్క నోటిని కూడ మూసివేయువారున్నారు. బండిని అమ్మునప్పుడు దీపము కొనువాని కంట పడకుండ వైరును ఊడదీసి వదలుదురు. రాయదుర్గము ప్రాంతమున అట్టి జీపును కొన్న యువకుని ఒకనిని మేమెరుగుదుము. అప్పుచేసి కొన్నది. మూడవ వారమున ఇంజను బిగుసుకొనిపోయినది. దీపము ఎన్నడును వెలుగలేదని అతడు మాతో చెప్పినప్పుడు, తాళము త్రిప్పినప్పుడైనను వెలిగినదా యని మేము అడిగితిమి. అప్పుడు వెలుగవలెనని అతనికి ఎవ్వరును చెప్పియుండలేదు. పాత బండిని చూడబోవువారు బేరమునకు ముందు తాళమును ఒక మెట్టు త్రిప్పి ఆ దీపము వెలుగుచున్నదో లేదో చూడుడు. వెలుగనిచో కారణము తేలువరకు బయానా ఇయ్యకుడు.

మా ప్రయాణపు సంగతి మిగిలినది. డ్రైవరు డిప్‌స్టిక్కు తీసి చూచినాడు, నూనె గుర్తువరకు ఉన్నది. వైరు తీసినాడు, దీపము ఆరినది. అంతటితో బండిని కదలింపుమని మేము అనబోతిమి గాని అతడు ఒప్పుకొనలేదు. దారిన పోవు మోటారు సైకిలుపై రాయదుర్గము పోయి, ఎరిగిన షెడ్డు నుండి గేజీని, ఒక క్రొత్త స్విచ్చిని తెచ్చినాడు. గేజీ బిగించి ఇంజను తిప్పగా ముల్లు మూడు కిలోల వద్ద నిలిచినది. పాత స్విచ్చి రేకువద్ద మూతనుండి నూనె ఊరుచున్నది, లోపలి పొర చినిగినదన్నమాట. క్రొత్తది బిగించి తాళము త్రిప్పగా దీపము వెలిగినది, ఇంజను అందుకొనగానే ఆరినది. మేము గ్రామము చేరునప్పటికి రాత్రి ఎనిమిది దాటినది. సభకు వచ్చినవారిలో సగముమంది ఇండ్లకు వెళ్లిపోయి యుండిరి, మిగిలినవారికి మొదట చెప్పినది ఈ దీపము కథయే. మరునాటి ఉదయము బయలుదేరుటకు ముందు డ్రైవరు స్విచ్చి చుట్టును వ్రేలితో తడిమి, తడిలేదని చూచుకొని, డిప్‌స్టిక్కు తుడిచి పెట్టినాడు.